నిప్పు తోడు లేని వంట

అమ్మణ్ణీ,

నిన్ను హోటల్లో కోల్డ్ కిచెన్‌లో వేసినారని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. "ఇన్నేళ్లు చదివింది కీరకాయలు కోసేదానికా?" అని నువ్వు అన్నావంట. చెప్పి వాడు నవ్వినాడు గానీ నాకు నవ్వు రాలేదు. హోటళ్ల వంటిళ్లలోనే తల నెరిసినవాణ్ని నేను. కొత్తగా వచ్చే పిల్లలందరి కన్నూ మంట మీదనే ఉంటుంది. పెద్ద కడాయి, ఎగసే సెగ, గరిటె తిప్పుడు, అదొక్కటే వంట అనుకుంటారు. సలాడ్లు, చట్నీలు, పెరుగన్నం, కోసిన పండ్లు చేసేవాళ్లను చిన్నచూపు చూస్తారు.

ఇప్పుడు మన తిరుపతిలోనే వంట చదువుకు ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, నోయిడాలో దానికి జోడు ఇంకోటి ఉంది. మా కాలంలో అంట్లు తోమే తొట్టి దగ్గర మొదలుపెట్టి పైకి రావాల్సిందే. నీకు పుస్తకం తెలుసు, ఈ కోల్డ్ కిచెన్‌కు గార్డ్ మాంజే అని పెద్ద పేరు పెట్టి చెప్పుంటారు. ఆ పుస్తకంలో ఎంత గట్టిగా రాసినారో నాకు తెలియదు గానీ, నేను చెప్పేది ఇదీ. వేడి వంటలో నిప్పు నీకు తోడుంటుంది. కూరగాయ సరిగ్గా కడగకపోయినా, కోసిన కత్తి శుభ్రంగా లేకపోయినా, కుతకుతా ఉడికేటప్పుడు ఆ తప్పులో చాలా భాగం నిప్పే తినేస్తుంది. నువ్వు చేసే వంటకు నీ తర్వాత ఎవరూ లేరు. నీ చెయ్యి దాటితే తినేవాళ్ల నోరే. కాబట్టి నిప్పు చేసే కాపలా అంతా నువ్వే కాయాల. నీళ్లతో, చలితో, గడియారంతో, పని వరసతో.

ఆడపిల్ల కాబట్టి రేంజి దగ్గరికి పోనీకుండా సలాడ్ల దగ్గర కూచోబెట్టినారా అనే అనుమానం నీకుంటే, అది ఉత్త అనుమానం కాకపోవచ్చు. మన హోటళ్లలో ఆ జబ్బు ఉంది. ఆరు నెలలు చూసి, వేడి సెక్షన్‌కు మార్చమని షెఫ్‌ను నోరు తెరిచి అడుగు. అడగకుండా ఊరుకోవద్దు. కానీ ఆ కోపం చేతి పని మీద చూపించొద్దు. చల్లని వంటలో కుదురుకున్న చెయ్యి తర్వాత ఎక్కడికి పోయినా నిలబడుతుంది.

మొదట నువ్వు ఎవరికి పెడతా ఉండావో చూడు. తిరుపతి హోటల్లో దిగేవాళ్లలో ఎక్కువమంది రాత్రంతా బస్సులోనో రైల్లోనో కూచుని వచ్చినవాళ్లు. కొండ మీద క్యూలో గంటల తరబడి నిలబడి, గుండు కొట్టించుకోని, అర్ధాకలితో దిగి వచ్చినవాళ్లు. ముసలోళ్లు ఉంటారు, చంకలో బిడ్డలుంటారు. పురటాసి శనివారాలకు తమిళనాడు నుంచి జనం విరగబడి వస్తారు. వీళ్లకు కడుపు చెడితే మన ఊళ్లో చెడదు, చిత్తూరు దాటినాక ఘాట్ రోడ్డులోనో, రేణిగుంట దాటినాక రైల్లోనో చెడుతుంది. ఫిర్యాదు నీ దాకా రాదు. రాలేదు కదా అని అంతా బాగుందనుకోవద్దు.

ఇంక అసలు పని. నీ సెక్షన్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఆ ఫ్రెంచి పేర్ల వంటలు కాదు, మన పెరుగన్నమే. కొండ మీద గుడి వంటిల్లు పోటులో ఎన్ని రకాల ప్రసాదాలు చేసినా, గర్భగుడి గడప కులశేఖరపడి దాటి స్వామి ముందుకు పోయేది కొత్త మట్టి ఓటిలో పెట్టిన పెరుగన్నమే అంటారు. కుమ్మరి భక్తుడు కురువ నంబి కథతో కలిపి చెప్తారు దాన్ని. అంత గౌరవం ఉన్న వంటను మన హోటళ్లలో మిగిలిన అన్నంతో చేసే అలవాటు ఉంది. అది నాకు సుతరామూ గిట్టదు.

ఎందుకంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంటుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. అన్నాన్ని పెద్ద డేకిసాలో మూతపెట్టి వదిలేస్తే, పైన చల్లారినట్టే ఉంటుంది, నడిమధ్యన గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. ఆ గోరువెచ్చనలో బీజాలు మేలుకోని పెరుగుతాయి, విషం పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అంటే అన్నం విషయంలో నిప్పు కూడా నీకు ఆఖరి దాకా తోడు రాదు, చల్లార్చే తీరే దిక్కు.

చల్లార్చేదానికి లెక్క ఉంది. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. తనిఖీ పట్టీలోనే రాసుంటుంది: 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో దిగాల, అక్కణ్నించి 5 డిగ్రీలకు ఇంకో 2 గంటల్లో దిగాల. మే నెలలో తిరుపతి వంటింట్లో గాలే 40 దాటి ఉంటుంది, ఫ్యాను కింద పెట్టి చూస్తూ కూచుంటే 21కి ఎప్పటికి దిగేను? అందుకని అన్నాన్ని వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండంగుళాలకు మించకుండా పరుచు. మందం సగానికి తగ్గితే చల్లారే సమయం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ట్రే కింద ఐసు నీళ్ల ట్రే పెట్టు. ఆవిరి పోయేదాకా మూత పెట్టొద్దు. పొగలు కక్కే డేకిసాను ఎత్తుకోని పోయి వాక్‌ఇన్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లుంటారు. అది చల్లారేది అటుంచు, పక్కనున్న పాలు, పెరుగు, క్రీము కూడా వేడెక్కుతాయి.

మీ అవ్వ తిరునాళ్లకు పోయేటప్పుడు చేసే పెరుగన్నం నీకు గుర్తుండే ఉంటుంది. వేడన్నంలో పాలు పోసి మెత్తగా మెదిపి, చల్లారినాక గరిటెడు పెరుగు వేసి మూత కట్టేది. మధ్యాహ్నం విప్పేసరికి తోడుకోని కమ్మగా ఉండేది. ఆ పద్ధతి ఇంటికి మంచిదే, నాలుగైదు గంటల్లో ఇంటివాళ్లే తినేస్తారు. హోటల్లో అది కుదరదు. పెరుగు పులుపే దానికి కాపలా. పులవకూడదని పాలు ఎక్కువ పోస్తే రుచి పెరుగుతుంది, కాపలా తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని చలితో పూరించాల. పొద్దున తినే సద్ది అన్నంలో పులుపు బాగా ఎక్కి ఉంటుంది కాబట్టి దాని సంగతి వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

కాబట్టి అన్నం 5 డిగ్రీలకు దిగినాకనే ఫ్రిజ్‌లో నుంచి అప్పుడే తీసిన పెరుగూ, కాచి చల్లార్చిన పాలూ కలుపు. చలికి అన్నం బిర్రుగా గట్టిపడుతుంది, అందుకని మొదటే ఒకటికి నాలుగు నీళ్లు పోసి మెత్తగా వండించుకో, వేడిగా ఉన్నప్పుడే మెదుపు. తిరగవాత నేతితో వద్దు, చలికి నెయ్యి పేరుకోని నాలుక మీద మైనంలా తగులుతుంది. నూనెతో పెట్టి, పూర్తిగా చల్లార్చి కలుపు. వేడి తిరగవాత గుమ్మరిస్తే అంతసేపు పడిన కష్టం గంగలో పోసినట్టే. దానిమ్మ గింజలు బఫేకి పంపే ముందు మాత్రమే పైన చల్లు, ముందే కలిపితే అన్నమంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. మన జిల్లాలో ఎక్కువ ఆవు పాలే, పెరుగు కొంచెం పల్చగా వస్తుంది. పెరుగుపచ్చళ్లకు, పెరుగు వడకు కావాలంటే పల్చటి గుడ్డలో కట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లోనే వేలాడదియ్యి. బయట కొక్కేనికి తగిలించొద్దు. పెరుగుపచ్చడిలో ఉప్పు వడ్డించే ముందే వెయ్యి. ముందే వేస్తే కూరగాయలో నీళ్లంతా బయటికొచ్చి మజ్జిగ అవుతుంది.

తర్వాత టెంకాయ చట్నీ. టిఫిను దగ్గర పెట్టే ఈ చట్నీని ఎవరూ కోల్డ్ కిచెన్ వంట అనుకోరు, గ్రైండరు అబ్బాయికి వదిలేస్తారు. నా లెక్కలో పెరుగన్నం తర్వాత దీనికే భయపడాల. పచ్చి టెంకాయ, వేయించిన పప్పులు, పచ్చిమిరపకాయ, నీళ్లు. ఉడికేది ఏమీ లేదు. తిప్పేటప్పుడు గ్రైండరు తనే వేడెక్కి చట్నీని గోరువెచ్చగా చేస్తుంది. అందుకని నీళ్లకు బదులు కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు పొయ్యి, లేకుంటే తాగే నీళ్లతో చేసిన ఐసు ముక్కలు వెయ్యి. ఒకేసారి పెద్ద గుండిగ నిండా రుబ్బొద్దు. గంటకో గంటన్నరకో సరిపోయేంత రుబ్బించు. అడుగున మిగిలినదాంట్లో కొత్తది పోసే అలవాటు ఎక్కడ కనిపించినా ఆపు, ఎంత సీనియరైనా సరే. "అన్నా, ఈ గిన్నె మారుస్తా ఉండు" అని నువ్వే తీసుకోని పోయి కడుగు, వాదన పెట్టుకోవద్దు.

చెనక్కాయలతో చేసే ఊరిబిండికి ఇంకో జాగ్రత్త. చెనక్కాయల మూటలో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, నల్లబడినవి చేత్తో ఏరించు. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. మన ఊరి వంట కదా అని బఫేలో పెట్టమని షెఫ్‌ను నువ్వే అడుగు. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు కూడా రాగి సంగటి పక్కన దాన్ని రెండోసారి వేయించుకునేది చూసినా.

ఆకుల సంగతి చెప్తా. పుదీనా, కొత్తిమీర కట్టలు మట్టితో వస్తాయి. తొట్టిలో నీళ్లు నింపి ఆకును ముంచి కదిలించు, తర్వాత ఆకును చేత్తో పైకి ఎత్తి తియ్యి. చాలామంది తొట్టిని వంచి నీళ్లు ఒంపుతారు, అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదకే వస్తుంది. మట్టి కనపడకుండా పోయేదాకా నీళ్లు మార్చు. తర్వాత క్లోరిన్ నీళ్లు. పచ్చిగా తినే కూరగాయలకు 50 పీపీఎం అంటారు. ఆ మాట చాలామంది వల్లిస్తారు, లెక్క చేసి కలిపేవాళ్లు తక్కువ. సీసా మీద 5 శాతం హైపోక్లోరైట్ అని ఉంటే లీటరు నీళ్లకు 1 మిల్లీలీటరు, 10 శాతం అని ఉంటే అర మిల్లీలీటరు. 5 శాతం సీసా అయితే 20 లీటర్ల తొట్టికి 20 మిల్లీలీటర్లు, మూత లెక్క కాదు, కొలత గ్లాసు పెట్టుకో. ఆహారానికి పనికొచ్చే రకమే వాడాల. బట్టలు తెల్లగా చేసే సీసా ముట్టొద్దు. ఐదు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో మళ్లీ కడుగు. ఇదంతా కోసే ముందు. కోసినాక కడిగితే రుచి నీళ్లపాలవుతుంది, మురికి మాత్రం కోసిన చోటికి ఎక్కుతుంది.

కడిగినాక ఆరబెట్టేది కూడా కడగడమంత పని. తడి ఆకుకు డ్రెస్సింగ్ అంటుకోదు, జారి గిన్నె అడుగుకు పోతుంది. ఫ్రిజ్‌లో తడి ఆకు ఒక్క రాత్రికే జిగటగా కుళ్లుతుంది. లెట్యూస్ వాడితే ఐసు నీళ్లలో కాసేపు వేసి కరకరమనిపించి, తిప్పి ఆరబెట్టి, పొడిగుడ్డ పరిచిన డబ్బాలో పెట్టు. ఎర్రగడ్డలు సన్నగా తరిగి ఐసు నీళ్లలో వేస్తే ఘాటు దిగుతుంది, కరుకుదనం మిగులుతుంది. ఇక కత్తి. మొద్దు కత్తితో కోసిన కీరకాయ నలిగి నీళ్లు కారుతుంది, పదును కత్తితో కోసింది గంట తర్వాత కూడా పొడిగా ఉంటుంది. నీ కత్తి నువ్వే నూరుకో, ఎవరికీ ఇవ్వొద్దు. ఇస్తే తిరిగి రాదు, అది వేరే విషయం.

బోర్డుల రంగులు నీకు చెప్పక్కరలేదు. పచ్చరంగు ఆకులకు కూరగాయలకు, ఎరుపు పచ్చి మాంసానికి, నీలం చేపలకు. మన ఊళ్లో దానికి తోడు ఇంకో వేరుపాటు కావాల. ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినని భక్తులు ఎక్కువమంది వస్తారు. వాళ్లకని పెట్టిన ట్రేకు కత్తి, బోర్డు, గరిటె వేరేగా ఉంచు. అదే కత్తితో ఎర్రగడ్డ కోసి తుడిచి వాడితే వాళ్లకు తెలియకపోవచ్చు, కానీ మనం ఇచ్చిన మాట తప్పినట్టే. ఏకాదశి రోజు అన్నం తినరు, పండ్ల ప్లేటు మీదనే ఆధారపడతారు, ఆ రోజు నీ సెక్షన్ మీదే హోటలంతా నడుస్తుంది. మా అమ్మ పాటించిన మడిలో మనిషిని మనిషి తాకకూడదనే భాగాన్ని నేను ఎప్పుడో వదిలేసినా. వండే చెయ్యి ఇంక దేన్నీ తాకకూడదనే భాగాన్ని మాత్రం వదల్లేదు. గ్లవ్సు వేసుకున్నాం కదా అని సెల్‌ఫోను తీసి చూసి, అదే చేత్తో టమాటా ముక్కలు సర్దేవాళ్లకు ఆ భాగం నేర్పించాల.

మయోనైజ్ గురించి ఒక్క మాట. పచ్చిగుడ్డు సొనతో చేసేది నీకు నేర్పించి ఉంటారు, చుక్క చుక్కగా నూనె పోసి గిలకొడితే గట్టిపడేది చూసి ముచ్చటపడి ఉంటావు. నేర్చుకున్నది మంచిదే. గిరాకీలకు మాత్రం పెట్టొద్దు. కేరళ 2023 జనవరిలో, తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించినాయి. సాల్మొనెల్లా అనేది గుడ్డు పెంకు మీదా, కొన్నిసార్లు లోపలా ఉంటుంది. మన ఎండకు, మన కరెంటు కోతలకు అది సరిపడే పదార్థం కాదు. పాశ్చరైజ్ చేసిన గుడ్డు సొన దొరికితే దాంతో చెయ్యి, లేకుంటే గుడ్డు లేని రకం తెప్పించు. నన్నడిగితే, గట్టి పెరుగులో చెనక్కాయ నూనె, ఆవపొడి, నిమ్మరసం గిలకొడితే అంతకన్నా రుచైన డ్రెస్సింగ్ వస్తుంది.

రుచి చూసేదాంట్లో కోల్డ్ కిచెన్ పిల్లలందరూ ఒక్క చోటే తడబడతారు. వంట గది వేడిలో ఉన్నప్పుడు రుచి చూసి ఉప్పు సరిపోయిందనుకుంటారు. చల్లబడినాక ఉప్పు, తీపి రెండూ నాలుకకు తక్కువ తెలుస్తాయి, ఫ్రిజ్‌లో నుంచి తీసేసరికి చప్పగా ఉంటుంది. కాబట్టి రెండు స్పూన్లు చిన్న గిన్నెలో తీసి, బఫేలో ఉండేంత చలికి తెచ్చి అప్పుడు రుచి చూడు. పానకం కూడా అంతే. శ్రీరామనవమికి హోటల్లో వచ్చేవాళ్లందరికీ పానకం, వడపప్పు ఇస్తారు కదా, బెల్లం, మిరియాలు చల్లటి పానకంతోనే సరిచూడు. వడపప్పు నానబెట్టేది బయట కాదు, ఫ్రిజ్‌లో. ఏప్రిల్ ఎండకు పెసరపప్పు రెండు మూడు గంటల్లోనే నురగ కడుతుంది.

మామిడికాయల కాలం వచ్చినప్పుడు తోతాపురిని వదలొద్దు. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల కొద్దీ పోతుంది, ధర పడిపోతే రైతు రోడ్డు మీద పారబోసి ఏడుస్తాడు, బఫేలో మాత్రం ఎక్కడో పండిన కివీ ముక్కలు పెడతారు. దోర తోతాపురి గట్టిగా ఉంటుంది, పులుపూ తీపీ రెండూ ఉంటాయి, సన్నగా తరిగితే గంటల తరబడి మెత్తబడదు. తోలు మీద బాగా రుద్ది కడిగి, ఆ తర్వాతే చెక్కు తియ్యి. కత్తి తోలు మీదున్న మురికిని లోపలికి లాక్కోని పోతుంది. పుచ్చకాయ, కర్బూజకు ఇది మరీ ముఖ్యం, వాటిలో పులుపు లేదు కాబట్టి కోసిన ముక్కలు 5 డిగ్రీల లోపలే ఉండాల.

ఆఖరుకు కష్టమైన పని చెప్తా. పారెయ్యడం. అన్నం పారేస్తే పాపమని పెరిగినవాళ్లం మనం, మెతుకు కింద పడితే కళ్లకద్దుకుంటాం. కానీ బఫేలో చలి లేకుండా రెండు గంటల లోపల ఉన్నది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉంటే వెంటనే వాడెయ్యాల, నాలుగు దాటితే పారెయ్యాల. స్టాఫ్ భోజనానికి కూడా పంపొద్దు. మన పిల్లల కడుపులు ఏమన్నా ఇనుముతో చేసినవా? ప్రతి గిన్నె మీదా చేసిన టైము రాసిన లేబులు అంటించు, "నాకు గుర్తుంది" అనే మాట వంటింట్లో చెల్లదు.

పారెయ్యకుండా ఉండాలంటే తక్కువ చెయ్యడం ఒక్కటే దారి. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకో. రోజూ ఏ వంట ఎంత చేసినావు, ఎంత పోయింది, ఎంత పారేసినావు, ఆ రోజు శనివారమా, బ్రహ్మోత్సవమా, వానా ఎండా, అన్నీ రాయి. నెల తిరిగేసరికి మంగళవారం పెరుగన్నం ఎంత చాలో ఆ పుస్తకమే చెప్తుంది. మేనేజరు "ఇంకొంచెం చెయ్యమ్మా, తక్కువ పడితే పరువు పోతుంది" అంటే ఆ పేజీ తెరిచి చూపించు. వచ్చేసారి సెలవుకు వచ్చేటప్పుడు దాన్ని తీసుకోని రా, ఇద్దరం కూచుని చూద్దాం. తోతాపురి ముక్కలు ఎన్ని కిలోలు పోతా ఉన్నాయో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
మీ పెదనాయన